వసంతంలో బాస్, తొలకరిలో కొర్రమీను: ఒక రబ్బరు ఎర కథ

దుర్గి నుంచి మాట్లాడుతున్నా. ఈ ఛానల్లో ఇప్పటిదాకా కోటలు, శాసనాలు, పల్నాటి వీరుల గుళ్ల గురించి చెప్పుకున్నాం. ఈ ఎపిసోడ్‌లో మాత్రం నా అరచేతిలో పట్టే ఒక వస్తువు చరిత్ర చెప్తాను. ఇదిగో, రబ్బరు కప్ప. మెత్తగా ఉంటుంది, నొక్కితే లోపల దాచిన రెండు గాలపు ముళ్లు బయటికొస్తాయి. ఆన్‌లైన్‌లో కొన్నాను. దీనికి అన్నలాంటిది ఇంకోటి ఉంది, రబ్బరు వానపాము. మనం రబ్బరు అంటాం గానీ రెండూ ఎక్కువగా మెత్తటి ప్లాస్టిక్కే.

దీని మీద ఒక ఎపిసోడ్ ఎందుకంటే, పోయిన వానాకాలం నేనొక తప్పు చేశాను. అది తప్పని నాకు అప్పుడు తెలీదు. అమెరికాలో వసంత కాలంలో సరస్సుల మీద బాస్ చేపను ఎలా పడతారో చూపించే వీడియోలు నేను ఏడాది పాటు వదలకుండా చూశాను. ఎర ఎక్కడ వెయ్యాలి, ఎంత నెమ్మదిగా లాగాలి, చేప ఎందుకు కొడుతుంది, అన్నీ బట్టీ పట్టేశాను. ఆగస్టులో ఒక చెరువు గట్టు మీద నిలబడి తూటి పొదల పక్కన ఈ కప్పను వేశాను. రెండో విసురుకే కిలోకి పైన ఉన్న కొర్రమీను పడింది. ఎగిరి గంతేశాను. అవతల వల సర్దుకుంటున్న పెద్దాయన మాత్రం లేచి వచ్చి నీళ్లలోకి చూసి, "ఏందయ్యా, పిల్లల్ని కాసుకుంటున్న దాన్ని తీశావే" అన్నాడు. నేనూ చూశాను. నీళ్ల మీద ఎర్రగా, కుంకుమ కలిపినట్టు ఒక ముద్ద కదులుతోంది. అవి దాని పిల్లలు, వందల కొద్దీ. కాసేపట్లో ఆ ముద్ద చెదిరిపోయింది.

ఆ సాయంత్రం కూర వండుకున్నాం గానీ ముద్ద దిగలేదు. నాకు వచ్చిన అనుమానం ఒక్కటే. అంత బాగా నేర్చుకున్నాననుకున్న విద్యలో ఈ ముక్క నాకెవరూ ఎందుకు చెప్పలేదు? దాని కోసం వెతుకుతూ పోతే ఈ ఎర చరిత్ర అంతా బయటికొచ్చింది.

మొదలు పెట్టాల్సింది అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని యాక్రన్ నుంచి. అది టైర్ల ఊరు. గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్, గుడ్‌రిచ్, అన్నీ అక్కడ పెరిగిన కంపెనీలే. 1926లో గుడ్‌రిచ్‌లో పనిచేసే వాల్డో సెమన్ అనే రసాయన శాస్త్రవేత్త పీవీసీ అనే గట్టి ప్లాస్టిక్‌ను కొన్ని నూనెలాంటి ద్రావకాలతో కలిపి వేడి చేసి, రబ్బరులా సాగే పదార్థంగా మార్చాడు. మన కరెంటు తీగల మీద తొడుగు, రెయిన్ కోటు, ఇవన్నీ ఆ దారిలో వచ్చినవే.

ఇరవై ఏళ్లు దాటాక, 1949లో, అదే యాక్రన్‌లో నిక్ క్రీమ్ అనే మెషినిస్టు, ఆయన భార్య కోస్మా కలిసి ఇంటి వంటగదిలో ఒక ప్రయోగం చేశారు. నిక్‌కు చేపల వేట పిచ్చి. నిజం వానపాముతో అచ్చు తీసి, అందులో కరిగించిన మెత్తటి ప్లాస్టిక్ పోశారు. అప్పటికి చెక్కతో, లోహంతో చేసిన దొంగ ఎరలు బోలెడు ఉండేవి. చేప వాటిని కొరికిన క్షణంలోనే గట్టిగా ఉందని ఉమ్మేస్తుంది. ఇది అలా కాదు, నోట్లో మెత్తగా, ప్రాణమున్నదానిలా ఉంటుంది. చేప ఇంకో క్షణం ఎక్కువ పట్టుకుంటుంది. వేటగాడికి కావాల్సింది ఆ ఒక్క క్షణమే. రెండేళ్లు తిరిగేసరికి, 1951లో, వాళ్లు వాటిని పోస్టులో అమ్మడం మొదలుపెట్టారు.

ఇక్కడిదాకా ఇది వంటగది కథ. దీన్ని దేశం మొత్తం ఎత్తుకునేలా చేసింది ఆనకట్టలు. అమెరికాలో 1933లో టెనెస్సీ వ్యాలీ అథారిటీ పెట్టాక నదుల మీద వరుసగా డ్యాములు లేచాయి. యుద్ధం తర్వాత దక్షిణాది రాష్ట్రాల్లో ఇంకా ఎక్కువ. టెక్సస్ చూడండి, అంత పెద్ద రాష్ట్రంలో సహజంగా ఏర్పడిన పెద్ద సరస్సు అంటే కాడో లేక్ పేరే చెప్తారు. మిగతావన్నీ దాదాపు మనిషి కట్టినవే. లోయలో నీళ్లు నిలబెట్టేటప్పుడు చెట్లన్నీ కొట్టరు కదా, చాలా చోట్ల అడవి నిలువునా మునిగిపోయింది. ఆ మునిగిన కొమ్మల మధ్య లార్జ్‌మౌత్ బాస్ కాపురం పెట్టింది. పెద్ద నోరు, ఆకుపచ్చ ఒళ్లు, మాటు వేసి దూకే స్వభావం. మన కొర్రమీనుకు చుట్టం కాదు గానీ బుద్ధి మాత్రం అదే.

కొమ్మల మధ్య మామూలు గాలం వేస్తే చేప పడదు, కొమ్మ పడుతుంది. 1960 ప్రాంతంలో క్రీమ్ వ్యాపారం టెక్సస్‌లోని టైలర్‌కు మారింది. అక్కడి వేటగాళ్లలో ఒక పద్ధతి స్థిరపడింది. తూటా ఆకారం సీసపు గుండును దారానికి ఎక్కించి, ముల్లును రబ్బరు వానపాము తల్లోంచి దూర్చి, తిప్పి, మొనను దాని ఒంట్లోనే దాచేస్తారు. కొమ్మకు తగిలితే జారిపోతుంది. చేప కొరికినప్పుడు గట్టిగా లాగితే మొన బయటికొచ్చి దవడకు దిగుతుంది. ఇప్పటికీ దాని పేరు టెక్సస్ రిగ్. చెక్కకు, లోహానికి ఈ పని చేతకాదు. మెత్తటి ఎర మునిగిన అడవికి సరిగ్గా సరిపోయింది.

ఆ తర్వాత 1967. ఆర్కాన్సా రాష్ట్రంలో వైట్ నది మీద అప్పుడే కట్టిన బీవర్ డ్యాము, దాని వెనక బీవర్ లేక్. అలబామాలో ఇన్సూరెన్స్ అమ్ముకునే రే స్కాట్ అనే ఆయన జూన్ నెలలో అక్కడ ఒక పోటీ పెట్టాడు. 13 రాష్ట్రాల నుంచి 106 మంది వచ్చారు. బాస్ వేట ఒక క్రీడగా, వ్యాపారంగా మారడానికి ఆ పోటీ మొదటి మెట్టు. నేను చూసిన వీడియోలు, మెరిసే పడవలు, స్పాన్సర్ల చొక్కాలు, అన్నీ అక్కడి నుంచి దిగివచ్చినవే.

1967 అనగానే పల్నాడులో ఎవరికైనా ఇంకోటి గుర్తొస్తుంది. ఆ జూన్ గడిచి రెండు నెలలు తిరగకముందే, ఆగస్టు 4న, ఇందిరా గాంధీ నాగార్జున సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యాము అది. పన్నెండేళ్లు వేలమంది రాయి మోసి కట్టిన రాతి ఆనకట్ట. పూర్తిగా నిండితే నీటి మట్టం 590 అడుగులు, నీళ్లు పరుచుకునే మేర సుమారు 285 చదరపు కిలోమీటర్లు. కుడి కాలువకు జవహర్ కాలువ అని, ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువ అని పేర్లు పెట్టారు. జొన్నన్నం తప్ప వరి దొరకదని శ్రీనాథుడు విసుక్కున్నట్టు చాటువుల్లో చెప్పుకునే పల్నాడుకు ఆ కుడి కాలువతోనే వరి వచ్చింది. కాలువతో పాటు బుగ్గవాగు లాంటి రిజర్వాయర్లు, ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్లుండే చెరువులు, వాటిలోకి చేపలు కూడా.

మన సాగర్ కింద కూడా మునిగిందొకటి ఉంది. అది అడవి ఒక్కటే కాదు, ఒక రాజధాని. ఇక్ష్వాకుల విజయపురి. అదీ 1926లోనే లోకానికి తెలిసింది, యాక్రన్‌లో ఆ మెత్తటి ప్లాస్టిక్ పుట్టిన ఏడాదిలోనే. సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు అక్కడ పాత స్తంభం చూసి ప్రభుత్వానికి తెలియజేశారు. తర్వాత లాంగ్‌హర్స్ట్ తవ్వారు, టి.ఎన్. రామచంద్రన్ తవ్వారు. డ్యాము ఖాయమయ్యాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో నీళ్లు రాకముందే లోయంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని కొండ మీదికి, కొన్నింటిని అనుపుకు చేర్చి తిరిగి నిలబెట్టారు. లోయలో ఉన్న పుల్లారెడ్డిగూడెం లాంటి ఊళ్ల జనం ఇళ్లు వదిలి వెళ్లారు. చూడండి, రాళ్లను సైతం లెక్కపెట్టి జాగ్రత్తగా పైకి తెచ్చుకున్నాం. చేపల సంగతి ఎవరికీ పెద్దగా పట్టలేదు. నది ఆగి సరస్సయ్యాక పారే నీళ్లు కావాల్సిన చేపలు తగ్గుతాయి, నిలవ నీటికి అలవాటుపడేవి పెరుగుతాయి. ఏ ఆనకట్ట వెనకైనా జరిగేది అదే.

చేపలున్న చోటికి మనుషులు వస్తారు. సాగర్ వెనక జలాల ఒడ్డున, నల్గొండ జిల్లా వైపు, వైజాగ్ కాలనీ అనే ఊరుంది. పేరులోనే కథ ఉంది. విశాఖ వైపు సముద్రం మీద బతికిన మత్స్యకారులు పెద్ద రిజర్వాయరు తయారైందని తెలిసి వలలు చుట్టుకుని వచ్చి స్థిరపడ్డ చోటు. ఇప్పుడు హైదరాబాద్ నుంచి జనం శని, ఆదివారాలు చేపల కూర కోసం అక్కడికి వెళ్తున్నారు. అమెరికాలో కొత్త సరస్సు మీద ముందుగా పోటీలు వెలిశాయి. మన దగ్గర ముందుగా బతుకుదెరువు వెలిసింది. తేడా ఇక్కడుంది, దీన్ని గుర్తు పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

అలాగని మనకు సరదా వేట కొత్త అనుకోకండి. 1129 ప్రాంతంలో కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రాయించిన మానసోల్లాసంలో మత్స్య వినోదం అని ఒక భాగమే ఉంది. చేపల రకాలు, ఏది ఎక్కడ తిరుగుతుంది, ఏ చేపకు ఏ మేత వేసి మచ్చిక చెయ్యాలి, గాలం, దారం ఎలా ఉండాలి, ఇవన్నీ అందులో ఉన్నాయి. చేపల శాస్త్రవేత్త సుందర్ లాల్ హోరా 1951లో దాని మీద ప్రత్యేకంగా వ్యాసం రాశారు. తర్వాత మద్రాసు సివిల్ సర్వీసులో ఉన్న హెచ్.ఎస్. థామస్ అనే దొర 1873లో ది రాడ్ ఇన్ ఇండియా, 1887లో ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా అని రెండు పుస్తకాలు వేశాడు. రెండోదైతే అచ్చంగా మన చెరువుల్లో గాలం వేట గురించే.

ఇక ఊళ్లలో పుస్తకం అక్కర్లేని విద్య ఎప్పుడూ ఉంది. మా తాతయ్య జమ్ము బెండును దారానికి కట్టి, వానపాము గుచ్చి, జెల్లలు పట్టేవాడు. పిల్లలం పిండి ముద్దలు పెట్టి పరిగెలు పట్టేవాళ్లం. కొర్రమీనుకు మాత్రం బతికున్న చిన్న కప్ప. వెదురు గడకు దారం కట్టి, కప్పను నీళ్ల మీద టప్ టప్‌మని ఆడించాలి. అంటే నా చేతిలో ఉన్న ఈ రబ్బరు కప్ప చేసే పని తాతయ్యకు తెలుసు. వస్తువు మాత్రం యాక్రన్ నుంచి, అమెరికా సరస్సుల మీదుగా చుట్టూ తిరిగి మళ్లీ మన చెరువుకు వచ్చింది.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. వీడియోల్లో వసంతం, వసంతం అని ఎందుకంత గోల? చలికాలం అంతా లోతుల్లో మందంగా పడుకున్న బాస్, నీళ్లు 15 డిగ్రీల దగ్గరికి వేడెక్కేసరికి ఒడ్డుకొస్తుంది, గుడ్లు పెట్టడానికి. మగ చేప లోతు తక్కువున్న చోట తోకతో బురద ఊడ్చి పళ్లెంలా గూడు చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. మగది కాపలా ఉంటుంది. గుడ్లు పొదిగినా కదలదు, పిల్లలు ఈదడం నేర్చేదాకా వాటి చుట్టే తిరుగుతుంది. ఆ రోజుల్లో దాని ధ్యాస తిండి మీద ఉండదు. కానీ గూటి మీదికి వానపాములాంటిదో బల్లిలాంటిదో వస్తే ఊరుకోదు. నోటితో పట్టి అవతల పారేస్తుంది. రబ్బరు వానపామును నెమ్మదిగా గూటి మీదుగా లాగమని చెప్పేది అందుకే. దాని ఆకలితో పని లేదు, ఆ వేట నడిచేది దాని కాపలా మీద.

ఆ కాపలా ఒక్క పది నిమిషాలు లేకపోతే? బ్లూగిల్ లాంటి చిన్న చేపలు చుట్టూ కాచుకునే ఉంటాయి, గూటి మీద పడి గుడ్లు తినేస్తాయి. అమెరికన్లకు ఇది తెలీక కాదు, లెక్కలోకి తీసుకోవడానికి టైమ్ పట్టింది. మొదటి పోటీల్లో పట్టిన చేపలన్నీ చచ్చేవి. 1972లో రే స్కాటే తన పోటీల్లో పట్టిన చేపను బతికుండగా తూచి వదిలేసే పద్ధతి తెచ్చాడు. కెనడాలో ఒంటారియో లాంటి చోట్ల చాలా భాగంలో బాస్ వేట జూన్ చివరికి గానీ తెరవరు, గూళ్లు ఖాళీ అయ్యాకే. వసంతంలో గూటి మీద చేపను పట్టొచ్చా లేదా అన్నది అక్కడ ఇప్పటికీ తెగని వాదన. నేను చూసిన వీడియోల్లో ఆ వాదన లేదు. ఎర ఎక్కడ వెయ్యాలో మాత్రమే ఉంది.

పైగా ఋతువు. అక్కడ మార్చి అంటే మంచు కరిగే కాలం. ఇక్కడ మార్చి దాటితే మన పక్కనున్న రెంటచింతల పేరు ఎండల వార్తల్లో రావడం మొదలు. నీళ్లు వెనక్కి పోతాయి, చెరువు అడుగు బయటపడుతుంది. మన చేపలకు వసంతం తొలకరితో వస్తుంది. కొత్త నీళ్లు రాగానే కొర్రమీను నాచు, తూటి మధ్య కాస్త చోటు శుభ్రం చేసుకుని గుడ్లు పెడుతుంది. తల్లిదండ్రుల్లో ఒకటి, ఎక్కువసార్లు తండ్రి, కాపలా ఉంటుంది. పిల్లలు ఎర్రటి ముద్దగా పైపైన తిరుగుతుంటే కింద నీడలా వెంట వస్తుంది. నేను "వసంతం ట్రిక్కు" ఆగస్టులో చేసి, పనిచేసిందని సంబరపడ్డాను. పనిచేసిన కారణం అదే కారణం. బాస్ గూటి మీద రబ్బరు వానపాము ఏం చేస్తుందో, కొర్రమీను పిల్లల దగ్గర నా రబ్బరు కప్ప అదే చేసింది.

ఇందాక గుర్తు పెట్టుకోమన్నది ఇక్కడికి వస్తుంది. అక్కడ సరస్సు మీద నష్టమైతే ఒక పోటీ పాడవుతుంది. ఇక్కడ చెరువులో కొర్రమీను తగ్గితే, ఆ చెరువు మీద ఆధారపడ్డ పెద్దాయన పొయ్యి మీద తేడా వస్తుంది. తెలంగాణ రాష్ట్ర చేపగా పెట్టుకున్న చేప, రెండు రాష్ట్రాల్లోనూ బజారులో మంచి ధర పలికే చేప. నేను సరదాకు తీసిన ఆ ఒక్కటీ ఆయనకు వచ్చే ఏడాది పంట. ఒక్క గాలంతో ఏమవుతుంది, అలవి వలలతో చేపపిల్లల్ని టన్నుల్లో ఊడ్చేస్తుంటే, అని మీరు అనొచ్చు. నిజమే, సన్నకంతల అలవి వలలు రిజర్వాయర్లకు గాలం కంటే ఎన్నో రెట్లు చేటు, వాటి మీద నిషేధం ఉన్నా ఆగట్లేదు. కానీ దాన్ని తప్పుపట్టాలంటే ముందు నా చేతిలోది సరిచూసుకోవాలి కదా.

ఇంకో రెండు మాటలు. ఒకటి, ఈ ప్లాస్టిక్ కుళ్లదు. తెగి నీళ్లలో పడ్డ ముక్కను చేప మింగితే కడుపులో అలాగే ఉండిపోతుంది. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో 2013లో దీన్ని నిషేధించాలని బిల్లే వచ్చింది, నెగ్గలేదు గానీ. చిరిగిన ఎరను గట్టున పారెయ్యకండి, జేబులో వేసుకోండి. రెండోది, బాస్‌ను మన నీళ్లలోకి తెద్దామా అని అడిగే తమ్ముళ్లకు. వద్దు. జపాన్‌కు 1925లో ఆషి సరస్సులోకి సరదాగా తెచ్చారు. ప్రపంచ రికార్డుతో సమానమైన బాస్, పది కిలోలకు పైన ఉన్నది, 2009లో అక్కడి బివా సరస్సులోనే పడింది. అయినా 2005 నుంచే ఆ దేశం బాస్‌ను పెంచడం, వేరే చోటికి తరలించడం చట్టంతో ఆపేసింది, స్థానిక చేపల్ని తినేస్తోందని. మనకు జిలేబీ చేప అనుభవం చాలు.

గాలం మానెయ్యమని నేను చెప్పట్లేదు. నేనూ మానలేదు. తొలకరి నుంచి వానలు తగ్గేదాకా కొర్రమీను జోలికి వెళ్లట్లేదు. నీళ్ల మీద ఎర్రముద్ద కనిపిస్తే కర్ర మడిచేస్తున్నాను. సంక్రాంతి దాటాక, పిల్లలు పెద్దవయ్యాక వెళ్తున్నాను, అదీ ఆ చెరువు ఎవరిదో, ఎవరు పాడుకున్నారో అడిగి, ఒప్పుకుంటేనే. పొరపాటున పిల్లలున్నది పడితే వెంటనే, అదే చోట వదిలెయ్యాలి. పది అడుగులు పక్కన వదిలినా అది వెనక్కి చేరేలోపే జరగాల్సింది జరిగిపోతుంది.

మొన్న ఆ పెద్దాయన మళ్లీ కనిపించాడు. ఈ రబ్బరు కప్ప చూపించాను. చేత్తో నొక్కి చూసి, "బానే ఉంది. మా కప్ప అయితే ఆ రోజుల్లో మేం వేసేవాళ్లమే కాదు" అన్నాడు. ఏ రోజుల్లో అని నేను అడగలేదు. ఇప్పుడు తెలుసు కాబట్టి.

ఈ ఎపిసోడ్ ఇంతే. మీ ఊళ్లో కొర్రమీను పిల్లల ముద్దను ఏమంటారు, ఏ నెలలో కనిపిస్తాయి, ఇంట్లో పెద్దవాళ్లని అడిగి నాకు చెప్పండి. ఆ నెలలు ఊరూరా రాసుకోవాలని ఉంది. వచ్చే ఎపిసోడ్‌లో అనుపు వెళ్దాం, నీళ్ల కింద నుంచి రాళ్లను ఎలా పైకి తెచ్చారో చూద్దాం. ఉంటాను మరి, నమస్తే.